మరి కోచ్ ఎవరు బిడ్డా?

2025 అక్టోబరులో ఒక పొద్దున ఫోన్‌లో ఆ వార్త చదివి చాలాసేపు నాయినకు చెప్పలేదు. మన ఫుట్‌బాల్ జట్టు హైదరాబాద్ ఎఫ్‌సీ ఇక హైదరాబాద్‌లో ఉండదట. ఢిల్లీకి వెళ్లిపోతోందట, పేరు కూడా స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అట. మధ్యాహ్నం అన్నం తిని, వరండాలో కుర్చీ వేసుకుని, వక్కపలుకు నోట్లో వేసుకున్నాక చెప్పాను. ఎనభై ఏళ్ల మనిషి. కాసేపు గల్లీలోకి చూస్తూ కూర్చున్నాడు. కోపం చేస్తాడేమో, కళ్లు తుడుచుకుంటాడేమో అనుకుంటూ నేను గడపలోనే నిలబడ్డాను.

"మరి కోచ్ ఎవరు బిడ్డా?" అన్నాడు.

ఫుట్‌బాల్ ముచ్చట ఏది వచ్చినా ఆయన మొదట అడిగేది అదే. ఎవరు గెలిచారు, ఎన్ని గోల్స్, ఎవరు కొట్టారు అన్నవి ఆ తర్వాతే. ఆ ప్రశ్న ఆయన నోట మొదటిసారి విన్నది 2019లో. అప్పటిదాకా మా ఇంట్లో అందరి ఇళ్లలాగే క్రికెట్టే. నాయినకు ఫుట్‌బాల్ అంటే ప్రాణమని నాకు తెలుసుగానీ, అది అమ్మ పెళ్లినాటి చీరలాగా బీరువాలో మడతపెట్టి ఉన్న సంగతి. ఎప్పుడో ఒకసారి తీసి చూపించేవాడు, మళ్లీ మడత పెట్టేవాడు.

ఆ ఏడాది ఆగస్టు చివర్లో ఇండియన్ సూపర్ లీగ్‌లో పుణె జట్టు స్థానంలో హైదరాబాద్‌కు ఒక జట్టు వచ్చింది. పేపర్లో చూసి చూపిస్తే, కళ్లద్దాలు పైకి నెట్టి అడిగాడు, "కోచ్ ఎవరట?" ఫిల్ బ్రౌన్ అని ఇంగ్లండ్ ఆయన, అక్కడ హల్ సిటీ అనే జట్టును 2008లో ప్రీమియర్ లీగ్‌కు ఎక్కించాడట అని చదివి వినిపించాను. తల ఊపాడు.

నవంబరు 2న గచ్చిబౌలిలో మొదటి మ్యాచ్. మేముండేది చందానగర్, స్టేడియం దగ్గరే. నలభై ఏళ్లకు పైగా ఆయన ఫుట్‌బాల్ చూడటానికి గ్రౌండ్‌కు పోలేదు. ఆ రోజు మధ్యాహ్నం మూడింటికే చొక్కా ఇస్త్రీ చేసుకుని, తువ్వాలు భుజాన వేసుకుని తయారు. బాలయోగి స్టేడియంలో మెట్ల మీద కూర్చున్నాక మొదట గొణిగింది దూరం గురించి. అది అథ్లెటిక్స్ కోసం కట్టిన స్టేడియం, మైదానం చుట్టూ పరుగుపందెం ట్రాక్ ఉంటుంది. "ఫతే మైదాన్‌ల అయితే ఆటగాళ్ల ఊపిరి ఇనబడేది" అన్నాడు. ఇంకాసేపటికి తానే సర్దుకుని, "పోనీ తియ్, దూరం నుంచి అయితే మొత్తం జట్టు కనబడ్తది" అన్నాడు.

అవతల కేరళ బ్లాస్టర్స్. మొదటి సగంలో రాహుల్ కె.పి. అనే కుర్రాడు మన మీద గోల్ కొట్టేశాడు. (ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాడు.) నేను బంతి ఎటు పోతే అటు మెడ తిప్పుతున్నాను. నాయిన నా మోచేతిని తట్టాడు.

"బిడ్డా, బాల్‌ను అందరు చూస్తరు. బాల్ లేనోడు ఏం జేస్తుండో చూడు."

చూశాను. నాకేమీ అర్థం కాలేదు. పదిమంది పదిచోట్ల ఉన్నారు, అంతే. రెండో సగంలో స్టాంకోవిచ్ పెనాల్టీ కొట్టి సమం చేశాడు, చివర్లో మార్సెలీనో ఫ్రీకిక్ వంకర తిరిగి వలలో పడింది. 2-1. మా చుట్టూ పిల్లలు గంతులేస్తున్నారు, నేనూ వేశాను. నాయిన చప్పట్లు కొట్టాడు. బయటికొచ్చి ఆటో కోసం నిలబడ్డప్పుడు మాత్రం అన్నాడు, "గెలిచిన్రు, మంచిగనే ఉన్నది. కాని ఇంకా జట్టు కాలే. పదకొండుమంది ఉన్నరు."

ఆ సీజన్ మొత్తం 18 మ్యాచుల్లో గెలిచినవి రెండే. మేం చూసిన ఆ మ్యాచ్ ఒకటి, ఫిబ్రవరిలో గువాహటిలో ఆడిన ఆఖరి మ్యాచ్ ఇంకొకటి. 12 ఓటములు, 10 పాయింట్లు, పట్టికలో అట్టడుగు. జనవరిలోనే కోచ్‌ను తీసేశారు. నాకు సంతోషమైంది. ఇన్ని ఓడితే తీసేయక ఏం చేస్తారు? నాయిన ఆ రోజు రాత్రి అన్నం సగమే తిన్నాడు.

అమ్మ అడిగింది, "ఆయన ఎవరో నీకెందుకయ్యా అంత?"

"ఆయన కోసం కాదే. ఆ పోరల కోసం. మళ్ల మొదటి నుంచి నేర్వాలె."

ఆ రాత్రే రహీం సాబ్ కథ పూర్తిగా విన్నాను. అంతకుముందు ముక్కలు ముక్కలుగా తెలుసు.

నాయిన పుట్టింది 1945లో, చాదర్‌ఘాట్ దగ్గర. ఆయన చిన్నతనంలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు అంటే దేశమంతా హడల్. బొంబాయిలో ఆడే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు తెచ్చుకున్నారు. ఆ జట్టును నడిపింది సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తికి బడిపంతులు. నాయిన ఆయనను దూరం నుంచి నాలుగైదుసార్లు చూశాడట, అంతే. ఒక్కసారి కూడా మాట్లాడలేదు. అయినా ఆయన గురించి సొంత మేనమామ గురించి చెప్పినట్టు చెబుతాడు. ఆ తరం హైదరాబాదీలందరూ అంతే, వయసు మళ్లిన ఏ ఫుట్‌బాల్ మనిషినైనా కదిలించి చూడండి.

రహీం సాబ్ జాతీయ జట్టుకూ కోచ్. 1951లో ఢిల్లీలో ఏషియన్ గేమ్స్ బంగారు పతకం, 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962లో జకార్తాలో మళ్లీ బంగారం. జకార్తా మాట వస్తే నాయిన కుర్చీలో ముందుకు జరుగుతాడు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడారు. ఫైనల్లో మళ్లీ అదే కొరియా. నిండు స్టేడియం మొత్తం మనకు ఎదురు. జర్నైల్ సింగ్‌కు అప్పటికే తలకు దెబ్బ తగిలి కుట్లు పడి ఉంటే, డిఫెన్స్‌లో ఆడే ఆ మనిషిని తీసుకుపోయి ముందు వరసలో సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టాడు రహీం సాబ్. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. 2-1. ఆ పదకొండుమందిలో గోల్‌లో తంగరాజ్, ముందు బలరాం, యూసఫ్ ఖాన్, ముగ్గురు మన హైదరాబాద్ గడ్డ మీద తయారైనవాళ్లు. అప్పుడు నాయినకు 17 ఏళ్లు. మర్నాడు పేపర్ కోసం హోటల్ దగ్గర చాయ్ తాగేవాళ్ల వెనక నిలబడి, వాళ్ల భుజాల మీదుగా చదివాడట.

తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, రహీం సాబ్ క్యాన్సర్‌తో పోయారు.

"ఆయన పోయినంక ఏమైంది నాయినా?" అని అడిగాను.

"ఏమైతది? ఆడిన్రు. 1964 ఏషియా కప్పుల రెండోస్థానం వచ్చింది. 1965-66ల మన ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ తెచ్చింది. మనిషి పోయినా ఆయన చెప్పింది కాళ్లల్ల ఉన్నది గద. 1970ల ఏషియన్ గేమ్స్‌ల కాంస్యం, మన నయీముద్దీన్ కెప్టెను. ఇగ అంతే. ఆ కాళ్లు ముసలియైనయి. కొత్త కాళ్లకు చెప్పెటోడు లేడు."

1970 తర్వాత ఇప్పటిదాకా ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్లో మనకు పతకమే లేదని తర్వాత నేను వెతికి తెలుసుకున్నాను.

ఆ తర్వాత చెప్పింది ఇంకా చిన్న సంగతి, నాకు అదే ఎక్కువ ఇష్టం. నాయిన బడిలో ఒక డ్రిల్ సార్ ఉండేవాడు. రహీం సాబ్ పద్ధతులు నేర్చుకున్న మనిషి. రహీం సాబ్ పిల్లలకు రెండు రకాల పోటీలు పెట్టించేవాడట. ఒకదాంట్లో చేతకాని కాలితోనే ఆడాలి, అంటే కుడికాలి వాళ్లు ఎడమకాలితోనే. ఇంకోదాంట్లో డ్రిబ్లింగ్ నిషేధం, బంతి రాగానే పక్కవాడికి ఇచ్చేయాలి. డ్రిల్ సార్ ఈ రెండూ వీళ్లతో ఏడాది పొడుగునా చేయించాడు. కుడికాలు తగిలితే ఈల. మొదట్లో బంతిని తన్నబోయి కింద పడేవాళ్లట. ఇంట్లో చెప్పులు వేసుకున్నా, మెట్లు దిగినా ఎడమకాలే ముందు పెట్టమనేవాడట సార్. నాయిన ఈ వయసులో కూడా చెప్పు మొదట ఎడమకాలికే తొడుగుతాడు. అమ్మ దాన్ని చాదస్తం అనుకునేది.

తొమ్మిదో తరగతిలో ఆ సార్‌కు వరంగల్ బదిలీ అయింది. కొత్త సార్ వచ్చాడు. ఆయనది పూర్తిగా వేరే దారి. బంతిని గట్టిగా ముందుకు కొట్టు, వెంట ఉరుకు. పొద్దున్నే చాదర్‌ఘాట్ వంతెన మీది నుంచి మలక్‌పేట దాకా పరుగు, మళ్లీ వెనక్కి. ఎడమకాలి ఆట చూసి "ఇదేం పిల్లల ఆట?" అని ఆపించేశాడు. వీళ్లకు కాలు ఆడలేదు. బంతి రాగానే పాత అలవాటు కొద్దీ పక్కవాడికి ఇస్తారు, పక్కవాడేమో కొత్త సార్ చెప్పాడని అప్పటికే ముందుకు ఉరికి ఉంటాడు. బంతి ఖాళీ నేల మీదికి పోయేది. సగంమంది పాత సార్ మాట మీద, సగంమంది కొత్త సార్ మాట మీద ఆడి, వరసగా మూడు మ్యాచులు ఓడారు.

నాయినా, ఇంకో నలుగురూ కలిసి తెల్లవారకముందే గ్రౌండ్‌కు పోయి దొంగచాటుగా ఎడమకాలి ఆట ఆడుకునేవారట. ఒక రోజు గోడ దగ్గర ఎవరో నిలబడ్డట్టు కనిపించింది. కొత్త సార్. తిడతాడనుకున్నారు. ఏమీ అనలేదు, చూసి వెళ్లిపోయాడు. వారం తర్వాత కెప్టెన్‌ను పిలిచి, "మీ పాత సార్ ఇంకా ఏమేం చేయించేవాడు?" అని అడిగాడట.

"పరుగు మాత్రం మాన్పియ్యలే" అని నాయిన ఇప్పటికీ చెబుతాడు. "అది మంచిదే అయింది. పాత సార్ కాలు ఇచ్చిండు, కొత్త సార్ ఊపిరి ఇచ్చిండు. ఆఖరి పది నిమిషాలల్ల అవతలి బడి పోరలు మోకాళ్లు పట్టుకునేది, మేం ఇంక ఉరికేది."

ఇది చెప్పి, ఫిల్ బ్రౌన్ సంగతికి మళ్లీ వచ్చి, ఆ రాత్రి ఆయన అన్న మాట నేను అప్పుడే ఫోన్‌లో రాసి పెట్టుకున్నాను. "సార్ చెప్పిన మాట చెవిలకు ఒక్క దినంల పోతది. చెవిలకెల్లి కాళ్లల్లకు దిగాలంటే ఏడాది పడ్తది. దిగకముందే సార్‌ను మారిస్తే ఆ పోరడు ఎవల మాట ఆడాలె?"

తర్వాతి సీజన్‌కు కోచ్‌గా ఆల్బర్ట్ రోకా అన్నారు. లాక్‌డౌన్ రోజులు, ఇంట్లో వేరే పని లేదు, ఆయన గురించి దొరికిందంతా చదివి నాయినకు వినిపించాను. బెంగళూరు జట్టును బాగా నడిపిన మనిషి. తీరా ఆగస్టులో బార్సిలోనా పిలిచిందని ఆయన సీజన్ మొదలుకాకముందే వెళ్లిపోయాడు. నాయిన నిట్టూర్చాడు. పదిహేను రోజులు తిరగకుండానే ఇంకొక స్పెయిన్ ఆయన పేరు వచ్చింది, మనోలో మార్కెజ్. స్పెయిన్ పెద్ద లీగ్‌లో లాస్ పాల్మస్‌కు కొద్ది రోజులు కోచ్‌గా ఉన్నాడు. మన దేశంలో ఎవరికీ పెద్దగా తెలియని పేరు.

ఆ ఏడాది మ్యాచులన్నీ గోవాలోనే, ఖాళీ స్టేడియాల్లో. టీవీలో కోచ్ అరుపులు, బంతి చప్పుడు స్పష్టంగా వినబడేవి. నాయినకు అది ఎంతో నచ్చింది. "ఇప్పుడు ఊపిరి ఇనబడ్తుంది" అన్నాడు. పాత ఎల్ఐసీ డైరీ ఒకటి తీసి, ప్రతి మ్యాచ్‌కూ ఏదో రాసుకునేవాడు. స్కోరు కాదు. ఎవరు ఎక్కడ నిలబడ్డారో చుక్కలు పెట్టుకునేవాడు.

కొత్త కోచ్ పాఠం ఏమిటో మొదటి నెలలోనే కనబడింది. గోల్‌కీపర్ బంతిని దూరంగా తన్నడం లేదు, పక్కనే ఉన్న డిఫెండర్ కాళ్లకు ఇస్తున్నాడు. ఎదుటివాళ్లు మీదికి వస్తున్నా ఓపికగా చిన్న చిన్న పాసులతో పైకి రావాలి. నాకు గుండె గొంతులోకి వచ్చేది. ఒక్క తప్పు పడితే గోలే కదా! ఆటగాళ్లకూ అదే భయం. చెప్పింది చెయ్యాలని ఉంటుంది, బంతి కాలికి రాగానే భయం వేస్తుంది, ఆ తొట్రుపాటులో బంతి పోయేది. అయినా కోచ్ మాట మార్చలేదు. నాయిన డైరీలో ఒక పేజీ మీద ఇప్పటికీ ఉంది, వంకర అక్షరాలతో: "ఇంకా చెవిలనే ఉన్నది."

ఇద్దరు ఫుల్‌బ్యాకులు, అంటే డిఫెన్స్‌లో రెండు అంచుల్లో ఆడేవాళ్లు, ఎడమవైపు ఆకాశ్ మిశ్రా, కుడివైపు ఆశిష్ రాయ్, పసివాళ్లు. ఇరవై ఏళ్లు అటూ ఇటూ. పేరున్న వాళ్లను పక్కనబెట్టి వీళ్లను మ్యాచ్ తర్వాత మ్యాచ్ ఆడించాడు మనోలో. మొదటి సీజన్‌లో ఓటముల మీద ఓటములు చూసిన నిఖిల్ పూజారి, మహమ్మద్ యాసిర్ కూడా అదే జట్టులో ఉన్నారు. వాళ్ల నడకే మారిపోయింది. సంక్రాంతి దాటాక ఒక మ్యాచ్‌లో, ఎవరి మీదనో గుర్తులేదు, ఆకాశ్ బంతి లేకుండానే ఎడమ గీత వెంట ఉరుకుతున్నాడు. బంతి ఎక్కడో కుడివైపు ఉంది. అయినా ఉరుకుతూనే ఉన్నాడు, అది తన దగ్గరికి వస్తుందని తెలిసినట్టు. నాలుగు పాసుల తర్వాత వచ్చింది. నేను అరిచాను, "నాయినా, బాల్ లేనోడు!" ఆయన నా వైపు తిరిగి నవ్విన నవ్వు ఎన్ని కప్పులొచ్చినా రాదు. అరవైల్లో తాను చూసింది, ఎవరికీ చెప్పుకోలేకపోయింది, కూతురికి కనబడింది.

ఆ సీజన్ అయిదో స్థానం. ఆఖరి మ్యాచ్‌లో గోవా మీద గెలిస్తే ప్లే ఆఫ్‌కు పోయేవాళ్లం, 0-0 అయింది. మంచి ఆటగాడు లిస్టన్ కొలాసో కోల్‌కతా వెళ్లిపోయాడు. అయినా డైరీలో ఆ రోజు నాయిన రాసింది ఒక్క మాటే: "దిగింది."

2022 మార్చి 20 గురించి ఎంత రాసినా నాకు తక్కువే. గోవాలోని ఫటోర్డాలో ఫైనల్. మళ్లీ కేరళ బ్లాస్టర్స్. రెండేళ్ల తర్వాత జనాన్ని రానిచ్చారు, స్టేడియం నిండా కేరళవాళ్లే. ఆ సీజన్‌లో మన ఓగ్బెచే ఒక్కడే 18 గోల్స్ కొట్టాడు, మన జట్టు లీగ్ పట్టికలో 38 పాయింట్లతో రెండో స్థానం. ఇంట్లో అమ్మ కూడా టీవీ ముందు కూర్చుంది. 68వ నిమిషంలో గోల్ పడింది, మన మీద. కొట్టింది రాహుల్ కె.పి. గచ్చిబౌలిలో మా ఇద్దరి ముందు మొట్టమొదటి గోల్ కొట్టిన అదే కుర్రాడు. నేను లేచి వంటింట్లోకి పోయాను, నిలబడలేక.

"రా, కూసో" అని పిలిచాడు నాయిన. "చూడు, ఒక్కడు కూడా ఉత్తగ కొడ్తలేడు."

నిజమే. ఇరవై నిమిషాలే మిగిలాయి, ఓడిపోతున్నారు, అయినా ఎవరూ బంతిని గుడ్డిగా ముందుకు తన్నడం లేదు. రెండేళ్ల కింద అదే జట్టు ఇలాంటప్పుడు చెల్లాచెదురయ్యేది. 88వ నిమిషంలో బెంచి మీది నుంచి వచ్చిన సాహిల్ తవోరా, దూరం నుంచి గాల్లో వస్తున్న బంతిని అలాగే తన్నాడు. వల కదిలింది. మా పక్కింటివాళ్లు ఏమైందోనని తలుపు కొట్టారు.

పెనాల్టీలు. గోల్‌లో లక్ష్మీకాంత్ కట్టిమణి. గోవావాడు, తన గోవాలోనే ఆడుతున్నాడు. లెస్కోవిచ్ కిక్ ఆపాడు. నిషు కుమార్ కిక్ ఆపాడు, గీత దాటాడని మళ్లీ కొట్టమన్నారు, దాన్నీ ఆపాడు. జీక్సన్ కిక్ కూడా ఆపాడు. చివరికి హాలిచరణ్ నర్జరీ కొట్టాడు. 3-1. హైదరాబాద్‌కు కప్పు.

నాయిన ఏడ్చాడు. అమ్మ కొంగుతో ఆయన ముఖం తుడిచింది. కాసేపయ్యాక టీవీలో మనోలో కనబడితే, అద్దం మీద వేలితో చూపించి, "జీతే రహో బేటా" అన్నాడు, ఎదురుగా ఉన్న మనిషితో అన్నట్టు.

తర్వాతి సీజన్‌లో మ్యాచులు మళ్లీ గచ్చిబౌలికి వచ్చాయి. మోకాలి నొప్పి వల్ల నాయిన అన్నిటికీ రాలేకపోయాడు. మళ్లీ రెండో స్థానం, 42 పాయింట్లు. ఆ ఫిబ్రవరిలో తులసీదాస్ బలరాం పోయారు. అమ్ముగూడ నుంచి సైకిల్ మీద ప్రాక్టీసుకు వచ్చే ఆ కుర్రాడికి రహీం సాబ్ చేయూతనిచ్చాడని నాయిన చెప్పేవాడు. పేపర్లో ఫొటో కత్తిరించి డైరీలో పెట్టుకున్నాడు. మార్చిలో సెమీఫైనల్, కోల్‌కతాలో పెనాల్టీల్లో ఓడిపోయాం. ఆ వేసవిలో మనోలో గోవా జట్టుకు వెళ్లిపోయాడు. ఆగస్టు 15న మన హైదరాబాద్ పాత తరం ఆటగాడు మహమ్మద్ హబీబ్ కూడా పోయారు. 2023 నాయినకు అలా గడిచింది.

మనోలో తర్వాతి సీజన్ గురించి నేను ఎక్కువ రాయలేను. ఐర్లండ్ నుంచి ఒక కోచ్ వచ్చాడు, వెళ్లాడు. అంతకుముందే క్లబ్‌లో ఉన్న తంగ్‌బోయి సింగ్తో భారం ఎత్తుకున్నాడు. డబ్బు కష్టాలని పేపర్లలో వచ్చింది. పాతవాళ్లు ఒక్కొక్కరే వేరే జట్లకు పోయారు. ఆశిష్ అంతకుముందే, ఆకాశ్ ఆ వేసవిలో. మిగిలిన కుర్రాళ్లతో 22 మ్యాచులు ఆడితే గెలిచింది ఒక్కటి. నేను కోచ్‌లను తిట్టబోతే నాయిన ఆపాడు. "కాళ్లన్ని పోయినయి బిడ్డా. ఆయన ఎవలకు చెప్తడు? ఉన్న పోరలకు మొదటి నుంచి చెప్పబట్టె, పాపం." ఓడిన ప్రతి మ్యాచ్ కూడా చూశాడు. చుక్కలు పెట్టుకుంటూనే ఉన్నాడు.

డైరీలో ఆఖరి పేజీ 2024 సెప్టెంబరు 3 నాటిది. ఆ రోజు గచ్చిబౌలిలో ఇండియా ఆడింది, మారిషస్ మీద. ఇండియా కోచ్ మనోలో మార్కెజ్. రహీం సాబ్ లాగే హైదరాబాద్ జట్టును నడిపిన మనిషి దేశం జట్టుకు కోచ్ అయ్యాడని, పైగా ఆయన మొదటి మ్యాచ్ మన ఊళ్లోనే అని తెలిసినప్పటి నుంచి నాయిన కాలు నిలవలేదు. డాక్టరు మెట్లెక్కొద్దన్నాడు. నేనూ వద్దన్నాను. "నువ్వు రాకున్నా నేను పోత" అన్నాడు.

మెల్లగా, మూడుచోట్ల ఆగి, పైకి ఎక్కించాను. జనం పలచగానే ఉన్నారు. కర్ర రెండు మోకాళ్ల మధ్య పెట్టుకుని, దాని మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు. ఆట మొదలైంది. గోల్‌కీపర్ డిఫెండర్ కాళ్లకు పాస్ ఇచ్చాడు. డిఫెండర్ తడబడి వెనక్కే ఇచ్చాడు. ఇంకోసారి అలాగే. ఎవరో వెనక నుంచి విసుక్కున్నారు, ముందుకు తన్నరేమని. ఆ తడబాటు నాకు బాగా తెలిసిన తడబాటే. 2020లో ఖాళీ స్టేడియంలో, టీవీలో, ఇదే.

"చెవిలనే ఉన్నది" అన్నాను.

నాయిన నా చెయ్యి పట్టుకుని నొక్కాడు. మైదానం మీది నుంచి చూపు తిప్పలేదు.

0-0. అవతలివాళ్లు మనకంటే ర్యాంకుల్లో చాలా కింద ఉన్న జట్టు, అందుకని జనం మొహాలు వేలాడేసుకుని వెళ్లిపోతున్నారు. ఆయన మాత్రం ఇంకా కూర్చునే ఉన్నాడు. కింద గీత దగ్గర మనోలో ఒక్కో ఆటగాడి భుజం తడుతున్నాడు. అందరూ సొరంగంలోకి పోయి, దీపాలు ఒక వరస ఆర్పేదాకా చూసి, అప్పుడు కర్ర పట్టుకుని లేచాడు.

"ఎన్ని దినాలుంటడో ఈడ" అన్నాడు మెల్లగా.

నేను ఒక చెయ్యి పట్టుకున్నాను. ఇంకో చేత్తో కర్ర ఆనించి, ఒక్కో మెట్టూ చూసుకుంటూ, ఎడమకాలు ముందు పెట్టి దిగడం మొదలుపెట్టాడు.